గుర్తు తెలియనిదైతే

పరీక్ష మొదలుపెట్టే ముందు ఆమె కిటికీలన్నీ మూసేసేది. ఎండ పడితే గది వేడెక్కుతుంది, గది వేడెక్కితే చిప్ నెమ్మదిస్తుంది, అప్పుడు ఓడిపోయినవాడు నెపం ఎండ మీద పెడతాడు. అందుకని తలుపులు, తెరలు, ఆఖరికి గడప దగ్గర సందులో ఒక గుడ్డ కూడా. గోడమీది అంకె ఇరవై రెండు డిగ్రీల దగ్గర కుదురుకునేదాకా చేతులు కట్టుకుని నిలబడేది. పాతికమంది పనిచేసే ఆ పరీక్షశాలలో ఆమెని చాటుగా 'తూకం మేడం' అనేవాళ్ళు. అందులో కాస్త వెటకారం ఉందని ఆమెకి తెలుసు. అయినా ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నడుము కొంచెం నిటారయ్యేది.

ఆ సోమవారం బల్లమీద రెండు యంత్రాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో ఉన్నది ఏళ్ళ తరబడి అందరి బల్లలమీదా కనిపించే రకం చిప్. రెండోది వేరే వంశానిది. దాని కట్టుబడి వేరు, అది అర్థం చేసుకునే ఆదేశాల భాష వేరు. పదకొండుమందితో నడిచే ఒక చిన్న కంపెనీ నాలుగేళ్ళు కూర్చుని దాన్ని తయారుచేసింది. చిన్న చిన్న ఆసుపత్రుల్లో స్కాన్ బొమ్మలు చదివే యంత్రాల్లో పెట్టడానికి. కరెంటు బాగా తక్కువ తింటుంది కాబట్టి పాత రకంతో సమానంగా పరుగెత్తనక్కర్లేదు. పాతదానికి వంద అనుకుంటే దీనికి అరవై వస్తే చాలన్నారు ఆసుపత్రులవాళ్ళు. ఆ అంకె మాత్రం ఈ పరీక్షశాలే ఇవ్వాలి. శనివారానికల్లా ఇవ్వాలి.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు మూలనున్న కుర్చీలో కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. సాధారణంగా అలా వచ్చినవాళ్ళు కబుర్లు చెబుతారు, టీ తెప్పిస్తారు, తమ సరుకు గొప్పతనం ఏకరువు పెడతారు. ఈయన మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడిలా తన యంత్రాన్నే చూస్తూ ఉండిపోయాడు.

పరీక్ష గంటా పది నిమిషాలు నడిచింది. తెరమీద అంకె పడింది. ముప్పై ఒకటి.

ఆమె దాన్ని కాగితం మీద రాసుకుంది. నియమం ప్రకారం ఇంకా రెండుసార్లు నడిపింది. ముప్పై ఒకటి. ముప్పై ఒకటి.

ఇంజనీరు లేచి వచ్చాడు. వాదిస్తాడనుకుంది. అతను తన చిప్ మీద బిగించిన అల్యూమినియం పలకని రెండు వేళ్ళతో తాకాడు, బిడ్డ నుదురు తాకినట్టు. చాలాసేపు వేళ్ళు అక్కడే ఉంచాడు.

"మేడం, ఒకసారి మీరు ముట్టుకుని చూస్తారా?"

"ఎందుకు?"

"చల్లగా ఉందండీ. గంటసేపు ఒళ్ళువంచి పనిచేస్తే ఇలా ఉండదు. మా దగ్గర నడిపినప్పుడు వేలు ఆనేది కాదు."

"మేం వేగం కొలుస్తామండీ, జ్వరం చూడం," అంది ఆమె. అవతల కూర్చున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఇంజనీరు కూడా నవ్వబోయి, కుదరక, సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఊళ్ళోనే ఉంటాను మేడం, శనివారం దాకా. ఏదైనా అవసరమైతే కబురు చెయ్యండి," అని నంబరు రాసిచ్చి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి చేరి, దీపం వేసి, చెప్పులు విడిచిందో లేదో అక్క ఫోన్ చేసింది. రోజూ ఆ వేళకే చేస్తుంది. ఆ రెండు గదుల ఇంట్లో రోజు మొత్తంలో వినపడే మనిషి గొంతు అదొక్కటే.

"ఏమే, ఇవాళ ఎంతమందిని ఫెయిల్ చేశావు?"

"ఒకదాన్ని."

"పాపం, ఎవరిదే తల్లీ? నీ పరీక్ష పాసైన మొహం ఒక్కటి చూడాలని నాకూ ఆశగా ఉంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళంతా కూడా నీ దగ్గర ముప్పై మార్కుల్లోనే ఆగిపోయారు."

"అక్కా, ఇక చాలు."

"సరే, సరే. తిన్నావా? మళ్ళీ రొట్టెముక్కేనా?"

ఫోన్ పెట్టేశాక పాలు తీద్దామని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. అది బుర్రుమంటోంది. తలుపు తియ్యబోయి ఆగి, ఎందుకో దాని పక్క రేకు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. పనిచేస్తోంది కాబట్టి వెచ్చగా ఉంది. అంతే కదా. చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడిపోయింది. లోపల మోటారు ఆగింది. ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు.

మంగళవారం అందరికంటే ముందే వెళ్ళింది. కిటికీలు మూయకుండానే రెండు యంత్రాలనీ పరీక్షకి పెట్టి, అరగంట ఆగి, రెండింటినీ ముట్టుకుంది. పాత రకం చురుక్కుమంది, వేలు వెనక్కి లాక్కుంది. కొత్తది చల్లారిపోయిన టీ గ్లాసులా ఉంది. చేతకాని చిప్ నెమ్మదిగా పనిచేసినా తన శక్తంతా పెట్టే పనిచేస్తుంది, వేడెక్కుతుంది. ఇది చేతకాకపోవడం కాదు. దీనికి ఎవరూ పని చెప్పలేదు.

పరీక్ష ప్రోగ్రాం తెరిచింది. పదిహేనేళ్ళ కిందట ఆమె చేత్తో రాసింది. ఆ తరువాత దేశదేశాలవాళ్ళు దాన్ని తీసుకున్నారు, దాని అంకెలు చూసి యంత్రాలు కొన్నారు, మానేశారు. పై పై మార్పులు ఎన్ని చేసినా దాని వెన్నెముకలాంటి భాగం జోలికి ఆమె మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు ఒక్కొక్క లైనూ వేలితో చూపించుకుంటూ, గృహపాఠం దిద్దే పంతులమ్మలా చదువుతూ వచ్చింది. పదకొండు గంటల ప్రాంతంలో వేలు ఆగింది.

అక్కడ ప్రోగ్రాం చిప్‌ని నువ్వెవరని అడుగుతోంది. పేరు తెలిసినదైతే ఎనిమిదేసి అంకెల్ని ఒక్కసారే ఎత్తమంటోంది. ఆ ఎత్తడానికి నూట నలభై లైన్లు ఆమే ఎంతో ముచ్చటపడి, ఆ రకం చిప్ భాషలో, దాని ఒడుపులన్నీ తెలుసుకుని రాసింది. తరువాత ఒక పొట్టి లైను. దాని పక్కన ఆమె రాసుకున్న గుర్తుమాట: 'గుర్తు తెలియనిదైతే, ఒక్కొక్కటిగా.'

అంటే తెలియని చిప్‌కి మోయగల చేతులు ఎనిమిదున్నా సరే, ఒక్కొక్కటే మొయ్యమంటోంది. మోసింది పాపం, ఒక్కొక్కటే. ఏడు చేతులు ఊరికే వేలాడేసుకుని.

ఆ లైను రాసిన రోజు ఆమెకి గుర్తు లేదు. ఆ రోజుల్లో గదిలో వేరే రకమే లేదు. ఎవరో ఎప్పుడో వస్తే పరీక్ష ఆగిపోకూడదని రాసి ఉంటుంది. చెడు తలపెట్టి రాయలేదు. ఆ సంగతి తనకి తానే రెండుమూడుసార్లు చెప్పుకుంది.  మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని, మూత పెట్టేసింది.

డైరెక్టరు గదిలో ఏసీ హోరు. ఆయన ఆమెకంటే ఏడేళ్ళు పెద్ద, ఆమె చేరిన రోజునుంచీ ఎరిగినవాడు, ఒక్కనాడూ 'మీరు' తప్ప అనలేదు. అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మేడం, పదిహేనేళ్ళ అంకెలు మన దగ్గరున్నాయి. ఇవాళ కర్ర పొడుగు మారిస్తే నిన్నటిదాకా కొలిచిన గుడ్డంతా ఏం కావాలి?"

"కర్ర మార్చమనడం లేదండీ. కొందరికి కర్రతో కొలిచాం, కొందరికి జానెడు చూపించి ఇదే కర్ర అన్నాం."

"బాగుంది. ఇప్పుడు కొత్తదానికి ఎనిమిదేసి ఎత్తే ముక్క ఎవరు రాస్తారు? వాళ్ళే రాస్తే వాళ్ళ పరీక్షపత్రం వాళ్ళే దిద్దుకున్నట్టు. మీరు రాస్తారా? పాతదానికోసం మీరు అప్పట్లో నెలలతరబడి సానపట్టారు. దీనికి రెండు రోజుల్లో రాసింది దానికి సాటి వస్తుందా? అప్పుడు మనం కొలిచేది చిప్‌నా, మీ పనితనాన్నా?"

అది మంచి ప్రశ్న. దారి పొడుగునా ఆమె తనని తాను అడుగుతూ వచ్చినదీ అదే.

"పూర్తి న్యాయం జరగదు," అంది. "ఎంత చేసినా పరీక్ష రాసినవాళ్ళ చెయ్యి అందులో ఉండనే ఉంటుంది. అది ఉందని రిపోర్టులో రాద్దాం. కానీ ముప్పై ఒకటి అన్నది అబద్ధమని తెలిశాక దానికింద సంతకం పెట్టలేను."

"ఆ ప్రోగ్రాం మీది. మీరే తప్పంటే ఇక రేపటినుంచి మీ మాటకి విలువేముంటుందో ఆలోచించుకోండి. మీ మంచి కోరే చెబుతున్నాను."

"ఆలోచించాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "గురువారం సాయంత్రం దాకా. ఆ తరువాత ఏ అంకె ఉంటే అదే వెళ్తుంది."

ఇంజనీరుని పిలవలేదు. కొత్త చిప్ ఆదేశాల పుస్తకం అచ్చు తీసుకుని, పెన్సిలు చెవిలో పెట్టుకుని కూర్చుంది. ఎనిమిది వందల పేజీలు. యాభై రెండేళ్ళ వయసులో కొత్త భాష అక్షరాలు దిద్దుతున్నట్టే ఉంది. పాత చిప్‌లో ఒక్క మాటతో అయిపోయేది ఇక్కడ మూడు మాటలు పడుతోంది. పాతదాంట్లో మూడు మెలికలు తిరిగేది ఇక్కడ సాఫీగా సాగిపోతోంది. బుధవారం మధ్యాహ్నానికి సగం పూర్తయింది. దారిన పోయేవాళ్ళు అద్దంలోంచి తొంగిచూసి పోతున్నారు. ఎవరూ లోపలికి రాలేదు. ఆమె తన ప్రోగ్రాంనే తప్పుపట్టిందన్న కబురు అప్పటికి మూడంతస్తులూ పాకింది. టీ గది దగ్గరికి వెళ్తే మాటలు టక్కున ఆగిపోయాయి, చక్కెర డబ్బా ఆమె చేతికిచ్చి ఇద్దరు పక్కకి తప్పుకున్నారు.

గురువారం పదకొండింటికి ముక్క పూర్తయింది. జవాబులు తప్పు రాకుండా నాలుగు విధాల సరిచూసింది. అప్పుడు ఇంజనీరుకి ఫోన్ చేసింది. అతను పావుగంటలో వచ్చాడు, అదే కుర్చీలో అదే తీరుగా కూర్చున్నాడు. ఆమె కిటికీలు మూసింది, సందులో గుడ్డ పెట్టింది, ఇరవై రెండు కోసం ఎదురుచూసింది.

ఈసారి పరీక్ష సగంలో ఉండగానే కొత్త యంత్రం ఫ్యాను గొంతు పెరిగింది. ఇంజనీరు కుర్చీలో ముందుకి జరిగాడు. 

యాభై ఏడు.

ఇంకోసారి నడిపింది. యాభై ఏడు. మూడోసారి కూడా.

కావలసింది అరవై. ఇద్దరూ తెర వంకే చూస్తున్నారు.  ఇన్ని రోజులూ ఆమె మనసులో ఏ మూలో అరవై దాటేస్తుందని, ఆ అంకె తనకీ అతనికీ కూడా ఊరటనిస్తుందని నమ్ముకుని ఉంది. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

"నేను ఇంకా బాగా రాయగలిగితే ఒకటో రెండో పెరుగుతుందేమో," అంది.

"పెరగొచ్చు. పాతదానికీ ఇంకా బాగా రాస్తే అదీ పెరుగుతుంది కదండీ." అతను లేచి పలకని వేలితో తాకి, చురుక్కుమనగానే తీసేశాడు. మొదటిసారి అతని మొహంలో కాస్త వెలుగు కనిపించింది. "యాభై ఏడు మాదే. మెమరీలోంచి అంకెల్ని తెచ్చుకోవడంలో మా చిప్ కొంచెం నత్త. ఆ అనుమానం మాకు ముందునుంచీ ఉంది. ముప్పై ఒకటి తీసుకెళ్తే మా వాళ్ళకి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇది తీసుకెళ్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది."

"మీ కంపెనీ?"

"చూడాలి. వచ్చే ఏడాది దాకా నిలబడితే మళ్ళీ వస్తాం." సంచీ సర్దుకుంటూ అడిగాడు. "మాకంటే ముందు ఇలా వేరే రకం చిప్‌లతో ఎవరూ రాలేదా మేడం, ఇక్కడికి?"

ఆమె వంగి గడప దగ్గరి గుడ్డ తీసింది. అతను గడప దాటి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వచ్చారు. పదిహేనేళ్ళలో ముగ్గురు.

పరీక్షకి వచ్చిన ప్రతి నమూనానీ పదేళ్ళు భద్రపరచాలన్నది నియమం. శుక్రవారం పొద్దున్నే కింది అంతస్తులో సామాన్ల గది తాళం తీయించి, జాబితా పట్టుకుని అరలు వెతికింది. మూడింటిలో ఒకదాన్ని గడువు తీరి పారేశారు. రెండోది చిలుము పట్టి ప్రాణం పోసుకోలేదు. మూడోదానికి అట్టపెట్టె చీకి చేతిలోకి ఊడొచ్చింది గానీ, లోపలి పలక దుమ్ము దులిపితే కొత్తదానిలా ఉంది. ఆరేళ్ళ కిందటిది. కంపెనీ వేరైనా నిన్నటి చిప్ వంశానిదే, పాత తరం. ఆదేశాల భాష ఒకటే. పైకి తీసుకెళ్ళి కరెంటు ఇచ్చింది. రెండు నిమిషాలు ఏమీ లేదు. తరువాత ఒక ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఫైల్లో ఆనాటి అంకె ఇరవై ఎనిమిది. ఆ ఏడాది కావలసింది యాభై.

ఫైల్లోనే ఒక ఉత్తరం కూడా ఉంది, చేత్తో రాసింది. 'మా డిజైన్‌లో లోపం ఎక్కడుందో దయచేసి తెలియజేయగలరా? మేము ఎంత వెతికినా దొరకడం లేదు.' దాని వెనక జవాబు నకలు. 'పరీక్షా పద్ధతిపై చర్చకు అవకాశం లేదు.' కింద సంతకం. ఎవరిదో చూడనక్కర్లేకపోయింది, 'ర' వంపు దగ్గరే తెలిసిపోయింది.

ఆనాటి పాత రకాన్నే వందగా పెట్టి, కొత్త ముక్కతో నడిపింది. మధ్యాహ్నానికి మూడుసార్లూ అయ్యాయి. యాభై మూడు. యాభై మూడు. యాభై మూడు.

డైరెక్టరు కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఆ కంపెనీ మూతపడి ఎన్నాళ్ళో అయింది మేడం. ఇప్పుడెందుకు తవ్వుకోవడం? ఎవరైనా అడిగారా?"

"ఆరేళ్ళ కిందట అడిగారు," అంది ఆమె.

శనివారం రెండు బస్సులు మారింది. ఉత్తరం మీది చిరునామాలో ఉన్నవాళ్ళు ఇంకో చిరునామా చెప్పారు, అక్కడివాళ్ళు వీధి చివర షెడ్డు చూపించారు. రేకుల కప్పు కింద నీళ్ళ పంపుల కంట్రోలు పెట్టెలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. యాభై అయిదేళ్ళ మనిషి ఒకాయన నుదుటిమీదికి కళ్ళజోడు తోసుకుని, ఒక పెట్టెలో రంగురంగుల తీగలు బిగిస్తున్నాడు. తీగలన్నీ జడ వేసినంత పొందికగా ఉన్నాయి.

ఆమె తను ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పింది.

"తెలుసండీ. మీ మొహం చూడలేదు గానీ మీ సంతకం చూశాను," అన్నాడు, తలెత్తకుండానే.

ఆమెని కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే చెప్పింది. పొట్టి లైను సంగతి చెప్పింది, నిన్న నడిపిన సంగతి చెప్పింది.

"ఇరవై ఎనిమిది కాదండీ. యాభై మూడు."

అతను బిగిస్తున్న మరమేకు జారి, రేకు మీద టంగుమని పడి, బల్ల కిందికి దొర్లింది. దాన్ని వెతకలేదు.

"ఇంకోసారి చెప్పండి."

"యాభై మూడు."

అతను తిరగేసిన ఒక డబ్బా మీద కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది.

"మొదటి రెండేళ్ళూ రోజూ ఆ డ్రాయింగులే ముందేసుకుని కూర్చునేవాణ్ణి. తప్పు ఎక్కడుందా అని. కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. దొరకలేదు. దొరక్కపోతే నిద్ర పట్టదు కదా, ఒకచోట వేలుపెట్టి ఇదే అనుకున్నాను. మా వాళ్ళు తొమ్మిదిమందినీ కూర్చోబెట్టి చెప్పాను. నేను ఇక్కడ పొరపాటు చేశానయ్యా, నావల్లే మీ ఉద్యోగాలు పోయాయి అని." స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టాడు. "అది పొరపాటు కాదా, అయితే?"

"కాదు. అందులో ఏ పొరపాటూ లేదు."

"ఇప్పుడు నేనేం చెయ్యాలండీ దీంతో?"

"నాకూ తెలీదు. తెలిశాక చెప్పకుండా ఉండలేకపోయాను."

"అంటే మీకోసం వచ్చారు."

"అవును," అంది ఆమె. "అది కూడా."

అతను ఆమె వంక అప్పుడు చూశాడు, మొదటిసారి. కోపంగా చూస్తాడనుకుంది. లెక్క సరిచూసుకుంటున్నవాడిలా చూశాడు. తరువాత షెడ్డు వెనక ఇంటివైపు తిరిగి కేకేశాడు.

"ఏమే, ఒకసారి ఇటు రా. ఉన్నదున్నట్టుగా రా."

ఒకావిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. కొత్త మనిషిని చూసి, మొగుడి మొహం చూసి, ఏదో కొంప మునిగిందన్నట్టు గుమ్మంలోనే ఆగిపోయింది.

"మేడం, మొదటినుంచీ చెప్పండి," అన్నాడతను. "నేను చెబితే నమ్మదు."

ఆవిడ ఒక స్టూలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆమె కూర్చోలేదు.

"ఆ పరీక్ష రాసింది నేనండీ," అని మొదలుపెట్టింది.

చిప్‌లూ ఆదేశాలూ ఆవిడకి ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. మొత్తం విన్నాక మొగుడి వంక చూడకుండా, ఆమెనే చూస్తూ అడిగింది.

"అంటే, ఈయన చేసింది పనిచేసిందా?"

"చేసిందమ్మా," అంది ఆమె. "నిన్న మధ్యాహ్నం కూడా చేసింది."